నీలం నిలిచిన ఆరు నెలలు

ఎమ్మిగనూరులో నూలుకు రంగులు వేసేవాళ్ళు ఎందరున్నా గోవిందు చేతి పనికి ఒక పేరుండేది. అతను ముంచి తీసిన నూలు చిలపలతో నేసిన చీర చిరిగిపోవాలే గానీ వెలవదని ఆదోని వర్తకులు ఇంటికొచ్చి మరీ చెప్పి పోయేవాళ్ళు. అలాంటి మనిషికి చూపు పోయింది. ఒక్కరోజులో పోయి ఉంటే ఏడ్చి ఊరుకునేవాడేమో. రెండేళ్ళపాటు కొంచెం కొంచెంగా, ముందు లేత రంగులు, తర్వాత ముదురు రంగులు, చివరికి ఎదుట నిలబడ్డ పెళ్ళాం మొహం, అన్నీ వరసగా పోయాయి. చక్కెర జబ్బు కళ్ళలోకి దిగిందనీ, ఇక చేయగలిగింది లేదనీ ఆదోనిలో డాక్టరు జనార్దన్ చెప్పాడు.

ఆనాటి నుంచి భార్య ఉచ్చీరమ్మ అతనికి కళ్ళయిందని చెప్తే వినడానికి బాగానే ఉంటుంది గానీ, జరిగింది అంత సుళువుగా జరగలేదు. ఆమె అప్పటిదాకా కండెలు చుట్టుకునే మనిషి. ఎరుపంటే ఎరుపు, నలుపంటే నలుపు, అంతకుమించి రంగుల గొడవ ఆమెకు పట్టేది కాదు. అతను రంగు కాగు పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, దానిమ్మ గింజ ఎరుపా, పండుమిరప ఎరుపా అని అడిగితే ఒళ్ళు మండిపోయేది. తిట్టుకుంటూ, కసురుకుంటూ, రెండు మూడుసార్లు కాగు వదిలేసి వంటింట్లోకి పోయి తలుపేసుకుంటూ, ఎలాగో రెండేళ్ళలో నేర్చుకుంది. నేర్చుకున్నాక మాత్రం ఆమె కంటికి తిరుగు లేకపోయింది. అతను నేర్పేటప్పుడు పెట్టిన షరతు ఒకటే. కూరలో ఉప్పు వేయడం మరిచి, వేశానని అబద్ధం చెప్పు, పుట్టింటి గొప్పలు ఎన్నయినా చెప్పు, రంగు విషయంలో మాత్రం ఉన్నదే చెప్పు అన్నాడు. ఆ మాట ఆమె తప్పలేదు.

పొద్దున్నే ఆమె చూసే మొదటి రంగు కాగులోది కాదు, గాజు గొట్టంలోది. మూత్రంలో చక్కెర చూసే ఆ పని కాంపౌండరు ఏసన్న నేర్పాడు. ఏసన్న ఏదో మిషనరీ ఆస్పత్రిలో పదేళ్ళు చేసి వచ్చినవాడు. రోజూ పొద్దున వచ్చి గోవిందుకు ఇన్సులిన్ సూది వేసి పోయేవాడు. ఆ సీసాను తడి ఇసుక పోసిన కుండలో దాచేవాళ్ళు. గొట్టంలో నీలం మందు చెంచాడు పోసి, ఎనిమిది చుక్కలు మూత్రం వేసి, స్పిరిటు దీపం మీద కాయాలి. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. కొంచెం ఉంటే ఆకుపచ్చ, ఇంకొంచెం ఉంటే పసుపు, మరీ ముదిరితే ఇటుకరాయి రంగు. నూలుకు రంగులు వేసే ఇంటికి ఇది చేతనైన విద్యే. ఉచ్చీరమ్మ చెప్పే తేడాలు తన కంటికి ఆనవని ఏసన్నే ఒప్పుకున్నాడు. డాక్టరుకు చూపించడానికి నెలకోసారి ఆదోని పోతుండేవాళ్ళు.

ఏడేళ్ళు ఇటుక రంగే. కొర్రన్నం పెట్టినా, జొన్నరొట్టె పెట్టినా, కాకరాకు నూరి పోసినా మహా అయితే నారింజకు దిగేది, మళ్ళీ ఇటుకకు ఎక్కేది. పత్తికొండకిచ్చిన కూతురు పురిటికొచ్చి పోయింది, ఇంటిముందు వీధికి కరెంటు స్తంభాలొచ్చాయి, గొట్టం మాత్రం మారలేదు. ప్రతి పొద్దునా గోవిందు ఏం రంగని అడిగేవాడు, ఆమె ఉన్నదే చెప్పేది, అతను సరేలే అని మొహం కడుక్కునేవాడు.

కర్నూలు రాజధాని అయిన ఏడాది, వానలు వెనకబట్టాక, రంగు దిగడం మొదలైంది. నారింజ పసుపయింది. పసుపు ఆకుపచ్చయింది. అదే సమయంలో గోవిందుకు సూది వేసిన పూట చెమటలు పట్టి చేతులు వణికేవి. మందు ఎక్కువవుతోందని ఏసన్న తనంతట తానే మోతాదు సగం చేశాడు, మళ్ళీ సగం చేశాడు, కార్తీకంలో పూర్తిగా మానేశాడు. సూది లేకుండా కాచిన మొదటి పొద్దున గొట్టం చల్లారేదాకా ఉచ్చీరమ్మ దాన్ని వెలుతురుకు పట్టుకుని నిలబడింది.

“ఏం రంగుండాది?” అన్నాడు గోవిందు.

“నీలం.”

“సరిగా సూడు.”

“సూసినా. అడుగున పసరు కూడా లేదు. నీలమే.”

తనను సంతోషపెట్టడానికి చెబుతోందేమోనని అతనికి అనుమానం. ఏసన్నను పిలిపించి చూపించింది, అతనూ నీలమేనన్నాడు. అయినా గోవిందు నమ్మలేదు. వేసిన రంగును ఉతికి చూడకుండా ఎలా నమ్మేదన్నాడు. చిలప ఆరాక నాలుగు పోగులు తీసి, చౌడు నీళ్ళలో వేసి, బండకేసి రుద్ది, అప్పుడు గానీ రంగు నిలిచిందని అతను ఒప్పుకునేవాడు కాదు. అందుకని తన ఒంటినీ అలాగే ఉతికి చూడమన్నాడు. బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసి పెట్టు, తిన్నాక కాచి చూడు అన్నాడు. ఏసన్న పైకి వద్దంటూనే, తనకూ చూడాలని ఉండి, పీట లాక్కుని కూర్చున్నాడు.

ఏడేళ్ళ తర్వాత బెల్లం నోట్లో పెట్టుకున్నాడు గోవిందు. మూడు ఓళిగలు, పైన నెయ్యి. మధ్యాహ్నం కాచింది, నీలం. మర్నాడు పొద్దున కాచింది, నీలం. ఉచ్చీరమ్మ గొట్టం చేత పట్టుకుని వీధిలోకి పోయింది. మగ్గాల దగ్గరి ఆడవాళ్ళకు చూపించింది, అది ఏమిటో తెలియని ముసలమ్మలకు కూడా చూపించింది. నవ్వింది. ఆ ఇంట్లోంచి కసురు తప్ప నవ్వు విని చాలా కాలమైన ఇరుగుపొరుగువాళ్ళు చేతిపని ఆపి చూశారు. గోవిందు లోపల మంచం మీద కూర్చుని ఆ నవ్వు వింటున్నాడు.

ఇక డాక్టరెందుకని ఆదోని ప్రయాణాలు మానేశారు. కొర్రన్నం పోయి వరన్నం వచ్చింది. చింతకాయ తొక్కంటే అతనికి ప్రాణం, కంచంలో రోజూ అదే. చలికాలం పోయేసరికి గోవిందు మొహం నిండింది. ఒళ్ళు చేసినాడని వీధంతా మెచ్చుకుంది. పాదాలు కూడా నిండాయి. సాయంత్రానికి చెప్పులు పట్టేవి కావు. పీట మీద కూర్చుని కూర్చుని నీరు దిగిందనుకుంది ఉచ్చీరమ్మ. గొట్టం నీలంగా ఉన్నన్నాళ్ళు ఆమెకు దేనికీ బెదురు లేదు. ఇద్దరూ కాగు దగ్గర నానా మాటలూ అనుకుంటూ పనిచేసుకున్న రోజులవి. ఆమె తిట్లలో కూడా కోపం తగ్గింది.

ఎండలు ముదిరాక అతనికి పడుకుంటే ఊపిరి ఆడలేదు. ఎక్కిళ్ళు పట్టుకుంటే వదిలేవి కావు, అన్నం వాసన పడేది కాదు. ఏసన్న మొహం చిన్నబోయింది. తనకు తెలిసింది అయిపోయిందనీ, వెంటనే డాక్టరు దగ్గరికి పొమ్మనీ చెప్పాడు. ఉచ్చీరమ్మ బస్సులో ఆదోని తీసుకుపోయింది. భయపడుతూనే పోయినా, చక్కెర పోగొట్టిన సంగతి డాక్టరుకు చెప్పి మెప్పు పొందాలని కూడా ఆమెకు ఉంది. ఆ సంగతి దాచడమెందుకు.

డాక్టరు అంతా విన్నాడు. గోవిందు కాలి మీద వేలు అదిమి తీస్తే గుంట పడి అలాగే ఉండిపోయింది. రక్తపోటు చూశాడు. తర్వాత మూత్రం ఒక గొట్టంలో పోసి, ఆ నీలం మందేదీ కలపకుండా ఉత్తినే కాచి, రెండు చుక్కలు పులుపు మందు వేశాడు. పాలు విరిగినట్టు తెల్లగా విరిగింది. ఉచ్చీరమ్మ ఆ రంగును ఎప్పుడూ చూడలేదు. దానికేం పేరు పెట్టాలో తెలియలేదు. డాక్టరు ఆమెను పక్క గదిలోకి పిలిచాడు.

మూత్రపిండాలు చెడిపోయాయని చెప్పాడు. రక్తంలో పొంగి పొర్లే చక్కెరను బయటికి పంపించేది అవేననీ, అవి మూతపడేసరికి చక్కెర లోపలే నిలిచిపోయిందనీ, సూది మందు కూడా వాటి గుండా పోలేక ఒంట్లోనే ఎక్కువసేపు ఉండిపోవడం వల్లనే ఆ చెమటలూ వణుకూ అనీ చెప్పాడు. ఆ నీలం జబ్బు తగ్గిన గుర్తు కాదు, ముదిరిన గుర్తు. నీలాన్ని చూసి మోసపోయింది నువ్వొక్కదానివే కాదమ్మా అని కూడా అన్నాడు. అది ఆమెకు ఎక్కలేదు.

“కార్తీకంలోనే తోలుకొచ్చింటే, సామీ?”

“ఉప్పు మాన్పించి, పని మాన్పించి పడుకోబెట్టేవాళ్ళం. ఇంకో ఏడాది నెట్టుకొచ్చేవాడేమో. నయం చేసేవాణ్ణని మాత్రం చెప్పను.”

ఇప్పుడు ఎన్నాళ్ళని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. డాక్టరు ఏమన్నాడని బస్సులో గోవిందు అడిగితే, ఉప్పు తగ్గించమన్నాడని చెప్పింది. ఇల్లు చేరగానే తొక్కు జాడీని దిబ్బ మీద బోర్లించి, అక్కడే నిలబడి ఏడ్చింది. తన చేత్తో పెట్టిన ఉప్పంతా, తన కళ్ళతో చూసిన నీలమంతా తలుచుకుని ఏడ్చింది. ఏడేళ్ళు ఏ రంగును తిట్టిందో ఆ ఇటుక రంగే ఒక్క పొద్దున వస్తే చాలని మొక్కుకుంది.

గోవిందు మాత్రం అలవాటు మానలేదు. మంచం మీంచి లేవలేని స్థితిలో కూడా, పొద్దున్నే గొట్టం కాచమనేవాడు. మూత్రం గిన్నె అడుగు తడిసేంత వచ్చేది. అతనికి జబ్బు సంగతి తెలియకూడదని ఆమె కాచేది, నీలమనేది. పదిరోజులు అన్నది. పదకొండో రోజు ఏ రంగూ చెప్పకుండానే గొట్టం కడగబోయింది.

“నీలమేగదా,” అన్నాడు గోవిందు. “సెప్పేదానికి అంత కష్టమెందుకు?”

అతను ఎక్కిళ్ళ మధ్య ఆగి ఆగి చెప్పాడు.

“రంగు వడగట్టే గుడ్డ మూసుకపోతే ఏమైతాది? కిందికి కారేది తేటనీళ్ళే. రంగంతా పైన్నే నిలుస్తాది. గుడ్డ బాగుందని అనుకుంటామా? మూడు ఓళిగలు తిన్నా మర్సనాడు నీలమే వచ్చె. లోపల ఎట్లుండేది అట్లే ఉంది, దాహం తగ్గలే, తిమ్మిరి తగ్గలే. ఆపొద్దే నాకు తెలిసె.”

“తెలిసి యాల సెప్పలేదు?”

“నువ్వు వీధిలో నగుతాంటివి. ఎన్నేండ్లాయ నీ మొగం సూసి. నగితే ఎట్లుంటాదో మర్సిపోయింటి. ఇని గుర్తుకు తెచ్చుకుంటి. ఆ మాట సెప్పి దాన్ని సెడగొట్టబుద్ధి కాలే.”

ఉచ్చీరమ్మకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంకో ఏడాదన్నాడు డాక్టరు. ఆ ఏడాదిని తీసుకుపోయి ఈ మనిషి తన నవ్వుకు ఇచ్చేశాడు. అడిగిందా తను? నవ్వకపోతే చచ్చిపోతానని అందా? గుడ్డివాడి పక్కన ఎన్నేళ్ళు కసురుకుంటూ బతికిందో, ఇంకో ఏడాది అలాగే కసురుకుంటూ బతికేది. అదే మాట అతని మొహం మీద అనేసింది. అంటూ అంటూనే ఉబ్బిన ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. అతను సరేలే అన్నాడు.

తర్వాత నాలుగు రోజులకు మత్తులోకి జారిపోయాడు. ఆరోనాడు పొద్దున, దీపం వెలిగించకముందే పోయాడు.

పరామర్శకొచ్చినవాళ్ళు గోవిందు మంచితనం గురించి తలా ఒక మాట చెప్పారు. ఏసన్న తన తప్పేనని గుమ్మంలో కూర్చుని ఏడిస్తే, ఆమె లేచిపోయి నీళ్ళిచ్చి వచ్చింది. మంచి మొగుణ్ణి పోగొట్టుకుంటివని ఎవరన్నా అంటే మాత్రం ఉచ్చీరమ్మ మొహం గట్టిబడేది.

“నన్నడక్కుండా పోయినాడు,” అనేది.

మగ్గాల వీధిలో అది విన్నవాళ్ళకు ఏమీ అర్థమయ్యేది కాదు. చావు ఎవరినడిగి వస్తుందని ఓదార్చి పోయేవాళ్ళు. మొగుడి మీద ఒక మంచి మాట అనదని వెనక చెప్పుకునేవాళ్ళు కూడా. తర్వాత చాలా ఏళ్ళు ఆమె ఒంటరిగానే కాగు నడిపింది, ఆ కోపం తగ్గించుకోలేదు. తగ్గితే అతను లేడని ఒప్పుకోవాల్సి వస్తుందని ఆమె భయం.