డాష్‌బోర్డు మీది పసుపు దీపం

చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని ఓర్విన్ స్లెట్టెన్ పికప్ ట్రక్కు కిందికి జరిగాడు. బండికి పట్టిన మంచు గ్యారేజీ వెచ్చదనానికి కరిగి, బండ్లు జారకుండా రోడ్డు మీద చల్లే ఉప్పుతో కలిసి చుక్కచుక్కగా అతని మెడ మీద పడుతోంది. తుడుచుకోలేదు. ఒక చేత్తో టార్చి పట్టుకుని, రెండో చేతి వేళ్ళ మధ్య వైరును నొక్కుకుంటూ పొగగొట్టం వెంట మెల్లగా ముందుకు పోతున్నాడు. నడుమ నడుమ ఆగి దగ్గుతున్నాడు. దగ్గినప్పుడల్లా పలక చక్రాలు కిర్రుమంటున్నాయి.

ఆ పికప్ డారెన్ మోయెన్‌ది. చమురు బావుల దగ్గరికి నీళ్ళ ట్యాంకులు లాగుతుంటాడు. డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగిందని పక్క ఊళ్ళో చూపిస్తే, పొగను పరీక్షించే సెన్సర్ ఒకటి మార్చి పంపారు. దీపం మళ్ళీ వెలిగింది. ఈసారి దానితోపాటు ఒక హెచ్చరిక కూడా వచ్చింది: ఇలాగే నడిపితే త్వరలో బండి మనిషి నడక కన్నా వేగంగా కదలదని. డారెన్‌కి విసుగెత్తి, పొగలోని మసిని ఆపే ఫిల్టరూ సెన్సర్లూ అన్నీ కోసి పారేయమని పొద్దున్నే వచ్చి చెప్పాడు. అది చట్టం ఒప్పుకునే పని కాదు. అయినా ఆ చుట్టుపక్కల సగం బండ్లు అలాగే తిరుగుతున్నాయి.

గ్యారేజీ ఓర్విన్ తమ్ముడు నారిస్‌ది. కోసేద్దామని అతను అప్పటికప్పుడే ఒప్పుకున్నాడు. సాయంత్రం దాకా ఆగమని ఓర్విన్ అడిగాడు.

"ఏంటన్నయ్యా, ఆ గొట్టం మీద అంత ప్రేమ? వదిన్ని కూడా ఇంత అపురూపంగా చూసుకుని ఉండవు," అన్నాడు నారిస్.

డారెన్ నవ్వాడు. ఓర్విన్ పికప్ వెనక్కి వెళ్ళి, పొగగొట్టంలో చూపుడువేలు దూర్చి తీసి వాళ్ళ ముందు పెట్టాడు. వేలికి మసి అంటలేదు. అందులో చూడాల్సింది ఏముందో వాళ్ళిద్దరికీ అర్థం కాలేదు.

వయసులో ఉన్నప్పుడు ఓర్విన్‌కి మైనాట్ పట్నంలో రైల్వే వర్క్‌షాపు ఉద్యోగం వచ్చింది. తండ్రికి నడుం పట్టేసిందంటే ఆ ఒక్క శీతాకాలం ఆయన గ్యారేజీలో సాయం చేసిపోదామని వచ్చాడు. తిరిగి వెళ్ళలేదు. పోయేముందు తండ్రి గ్యారేజీని చిన్నవాడి పేరున రాశాడు. నారిస్‌కి వ్యాపారం తెలుసు, ఓర్విన్‌కి పని తెలుసు అన్నాడు. ఆ మాట సబబుగానే ఉందని ఓర్విన్ ఇంటికొచ్చి భార్యతో చెప్పాడు. ఆర్డిత్ అప్పటికే కడిగిన గిన్నెలను మళ్ళీ కడిగింది.

అక్కడ శీతాకాలం ఒక పట్టాన వదలదు. తలుపులన్నీ మూసుకుని, లోపలే ఇంజన్లు నడుపుతూ పనిచేయాలి. పొగ బయటికి లాగే పెద్ద ఫ్యాను పెట్టిస్తానని నారిస్ ఏటా అనేవాడు. పొద్దుగూకే వేళకి లైట్ల చుట్టూ బూడిదరంగు వలయాలు ఏర్పడేవి. ఓర్విన్ ముక్కు చీదితే రుమాలు నల్లబడేది. కిందటి వేసవిలో బిస్మార్క్ నగరంలో డాక్టరు అతని ఊపిరితిత్తుల ఎక్స్‌రే చూసి, ఎన్నాళ్ళుగా సిగరెట్లు తాగుతున్నావని అడిగాడు. ఈయన ఒక్కటి కూడా ముట్టలేదని ఆర్డిత్ చెప్పింది. డాక్టరు నమ్మినట్టు లేడు. తిరిగొచ్చే దారిలో ఆమె పని మానేయమంది. ఈ శీతాకాలం పోనీ, అన్నాడు ఓర్విన్.

పికప్ వెనక ఇరుసు పైన వైరు వంపు తిరిగే చోట వేళ్ళు ఆగాయి. పక్కన నేల మీద పెట్టుకున్న స్కానర్ తెరమీద సెన్సర్ పంపే అంకె కదులుతోంది. వైరును కాస్త వంచాడు. అంకె మాయమైంది. వదిలాడు. మళ్ళీ వచ్చింది. తొడుగు చీల్చి చూస్తే, ఇనుప అంచుకు రాసుకుని రాసుకుని లోపలి రాగి తీగ బయటపడి, ఉప్పుకు చిలుము పట్టి పచ్చగా మారింది. వైరును ఆ అంచుకు తగలకుండా పట్టి ఉంచాల్సిన క్లిప్పు లేదు. దాని చోట ఖాళీ రంధ్రం ఉంది.

టార్చి దించకుండా ఓర్విన్ ఆ రంధ్రాన్నే చాలాసేపు చూశాడు. అక్టోబరులో ఇదే పికప్‌కి వెనక స్ప్రింగులు వేసింది తనే. ఇక్కడే పడుకుని ఉండగా దగ్గు తెర వచ్చింది. ఊపిరాడక బయటికి పాకి గోడకు చేరగిలబడ్డాడు. తెప్పరిల్లేసరికి నారిస్ ఇంకో బండి దగ్గరికి పిలిచాడు. క్లిప్పు సంగతి మళ్ళీ గుర్తు రాలేదు.

పాడైన ముక్క కత్తిరించి, కొత్త తీగ అతికి, తొడుగు వేసి, క్లిప్పు బిగించాడు. బండిని ధాన్యం గోదాముల మీదుగా రైలు గేటు దాకా నడిపి తీసుకొచ్చాడు. దీపం వెలగలేదు. ఇంజన్ ఆపి, ఆ నల్లటి డాష్‌బోర్డును చూస్తూ కాసేపు సీట్లోనే కూర్చున్నాడు.

నారిస్‌కి దాపరికం లేకుండా చెప్పాడు.

"తప్పు నాదే. అక్టోబర్లో క్లిప్పు పెట్టడం మర్చిపోయాను. ఇప్పుడు బాగైంది. కోయక్కర్లేదు."

"ఆ క్లిప్పు మాట డారెన్ దగ్గర ఎత్తకు," అన్నాడు నారిస్. "పొద్దున్నే మాటిచ్చాను. వాడి స్నేహితులు కూడా బండ్లు తెస్తామన్నారు."

"బండి బాగుంది, నారిస్."

"బాగుచేయమని వాడు అడగలేదన్నయ్యా. కోయమన్నాడు. నువ్వెళ్ళి ఏదైనా తిను, నేను చూసుకుంటా."

"కోశాక ఆ పొగంతా ఇక్కడే వదులుతావా?"

"తలుపు తీసి పెడతాలే."

నారిస్ తలుపు తీశాడు కూడా. మంచుగాలి లోపలికి ఎగదన్నేసరికి మూసేశాడు.

ఓర్విన్ వెనక గదిలోకి వెళ్ళి, ఇంటి నుంచి తెచ్చుకున్న భోజనం గిన్నె మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టి, కుర్చీలో కూర్చున్నాడు. గోడ అవతల రంపం మొదలైంది. ఆ చప్పుడును బట్టి ఎక్కడ కోస్తున్నదీ తెలుస్తూనే ఉంది: ఇది ముందు బిగింపు, ఇది ఫిల్టరు డబ్బా, ఇది చివరి సెన్సర్. తాను ఇందాక అతికిన వైరు చివర ఇక ఏ సెన్సరూ లేదు. గుండెల మీద ఏదో బరువు కూర్చున్నట్టుంది. రంపం ఆగాక నిండుగా ఊపిరి పీల్చుకుందామనుకుని కళ్ళు మూసుకున్నాడు.

నారిస్ కొత్త గొట్టం బిగించి ఇంజన్ నడిపి చూసుకున్నాడు. గది లోంచి ఓవెన్ కూత ఆగి ఆగి వినిపిస్తోంది. దాన్ని ఆపమని కేకేశాడు. కూత ఆగలేదు. చేతులు తుడుచుకుంటూ వెళ్ళి చూస్తే, అన్న గడ్డం ఛాతీకి ఆనించి కూర్చుని ఉన్నాడు. నారిస్ అతని భుజం మీద చేయి వేశాడు. ఆ తర్వాత బయటికొచ్చి ముందు ఇంజన్ ఆపాడు.

సాయంత్రం బండి కోసం వచ్చిన డారెన్ టోపీ తీసి, మంచి మనిషి పోయాడన్నాడు. అతను బండి తీసుకుపోయాక కూడా గాలి లేని ఆ చలిలో నల్లటి పొగ ఆవరణ మీద చాలాసేపు నిలిచిపోయింది.

మర్నాడు ఆర్డిత్ వచ్చి ఓర్విన్ కోటూ కళ్ళద్దాలూ తీసుకుంది. నారిస్ ఆమె వెనకాలే నడిచాడు.

"బాధేం పడలేదు వదినా. నిద్రపోయినట్టే ఉన్నాడు."

"అప్పుడు తలుపు తీసుందా, నారిస్?"

నారిస్ ఆమె బండి తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె బండెక్కి వెళ్ళిపోయింది.

ఓవెన్‌లో ఆమె గాజు గిన్నె అలాగే ఉంది. మూత తీయలేదు. లోపల నూడుల్స్ మీద వెన్న తెల్లగా పేరుకుంది. అందరూ వంటలు తెచ్చే చర్చి విందుల్లో గిన్నెలు తారుమారు కాకుండా ఆమె అడుగున అంటించిన టేపు మీద స్లెట్టెన్ అని ఇంటిపేరు రాసి ఉంది.