నిన్నటి అంకె

కుర్చీ లాక్కుని కూర్చోగానే అంకెలక్క చెయ్యి అలవాటుగా కుడిచెవి మీదికి పోయింది. మర తిప్పి, కమ్మ ఊడదీసి, బల్లమీదున్న గుండుసూదుల డబ్బాలో వేసింది. ఏళ్ళ తరబడి ఫోను నొక్కుకుని నొక్కుకుని ఆ చెవి తమ్మె కందిపోయేది. అందుకని ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదలైన అలవాటది. తీశాక గుర్తొచ్చింది, ఇప్పుడా అవసరం లేదని. మళ్ళీ పెట్టుకోవడానికి బద్ధకించి అలాగే ఉండిపోయింది.

టీకాల ఆఫీసులో ఆమె పని చెప్పుకోవడానికి ఎంత చిన్నదో చెయ్యడానికి అంత పెద్దది. నగరం నలుమూలలా ఉన్న టీకా కేంద్రాలకు రోజూ మధ్యాహ్నం ఫోన్లు చేసి, ఆ పూట ఎంతమంది పిల్లలకు సూది పడిందో నర్సులను అడిగి, కంప్యూటర్లో ఎక్కించాలి. గోడకున్న పెద్ద తెరమీద అవన్నీ నగరం పటంలో రంగులై కనిపిస్తాయి. దాన్ని అందరూ బోర్డు అనేవారు. ఆమె అసలు పేరు ఆఫీసులో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళూ అంకెలక్క అనే పిలిచేవారు.

మనిషి పొట్టి. నడిచేటప్పుడు తల కాస్త కుడిభుజం మీదికి ఒరిగి ఉంటుంది, ఇంకా అక్కడ ఫోను ఇరికించుకున్నట్టే. పిల్లలు లేరు. భర్తకు అచ్చాఫీసులో రాత్రి డ్యూటీ. ఆయన ఇల్లు చేరే వేళకు ఈమె బయలుదేరేది. గుమ్మంలో ఎదురుపడి తాళంచెవి చేతులు మార్చుకునే కాపురం. అన్నం ఉందా అంటే ఉంది, కూర ఉందా అంటే ఉంది. అంతకు మించి మాట్లాడుకోవడానికి తీరిక లేదు, దెబ్బలాడుకోవడానికి అసలే లేదు.

ఇంట్లో మిగిలిపోయిన మాటలన్నీ మధ్యాహ్నం ఫోన్లో వదినతో ఖర్చయ్యేవి. వదినంటే చుట్టం కాదు. బస్సు ఆఖరి స్టాపు దాటాక, ఇటుకబట్టీల పక్కనున్న కేంద్రంలో నర్సు. భర్త పోయి చాలాకాలమైంది. కేంద్రం వెనకగదిలో ఒక్కతే ఉంటుంది. ఆ చుట్టుపక్కల పిల్లలు ఆమెను సూదమ్మ అంటారట. మొట్టమొదటిసారి అంకెలక్క కాస్త అధికారంగా "ఇంకా లెక్క రాలేదేంటి?" అని గద్దిస్తే, అవతల్నుంచి తాపీగా జవాబొచ్చింది.

"మా ఆయన పోయాక ఆడపడుచు పోరు తప్పిందనుకున్నా. నువ్వెక్కడ దొరికావు వదినా?"

ఆ రోజు నుంచి ఒకరికొకరు వదినలే. కీళ్ళనొప్పులు, ఇంటి ఓనర్లు, పిల్లలు సూదికి ఎలా ఏడుస్తారు, తల్లులు వాళ్ళకంటే ముందే ఎలా ఏడుస్తారు, అన్నీ ఆ నాలుగు నిమిషాల్లోనే. ముఖాలు మాత్రం చూసుకోలేదు. కలుద్దామని ప్రతి ఏడూ అనుకునేవారు. ప్రతి ఏడూ ఏదో ఒక టీకాల కార్యక్రమం అడ్డొచ్చేది.

పాత బోర్డుతో ఒక చిక్కుండేది. మూడింటికల్లా అది నిండి తీరాలి. ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే ఆఫీసరుగారు ఆ కేంద్రం నర్సుకు స్వయంగా ఫోన్ చేసి చెడామడా దులిపేసేవారు. చంటిపిల్లల ఏడుపుల మధ్య ఫోను వినపడని నర్సు ఆ తిట్లెందుకు తినాలి? అందుకని అంకె అందని చోట అంకెలక్క గప్‌చుప్‌గా నిన్నటి అంకె వేసేసేది. మర్నాడు కనుక్కుని సరిదిద్దేది. నర్సులందరికీ ఈ సంగతి తెలుసు. పండగ మామూలు ఇవ్వాల్సిందెవరైనా ఉంటే అంకెలక్కకేనని నవ్వుకునేవారు.

కొత్త బోర్డు తయారుచెయ్యడానికి వచ్చిన డిజైనరు మంచివాడే. గడ్డం గీసుకోవడం మరిచిపోయి, అదే ఫ్యాషనని అందరినీ నమ్మించేవాడు. నెలల తరబడి ఆమె పక్కన స్టూలు వేసుకు కూర్చుని, ఆమె చేసే పనంతా అడిగి అడిగి తెలుసుకున్నాడు. అన్నేళ్ళలో ఆ పని గురించి ఆమెను కూర్చోబెట్టి అడిగిన మొదటి మనిషి అతనే.

"అంకె రాకపోతే ఏం చెయ్యాలక్కా?" అని అడిగాడొకరోజు.

"నిన్నటిది వేసెయ్యి."

"పాతదని తెలిసేలా పక్కన గుర్తేమైనా పెట్టనా?"

"గుర్తు పెడితే ఇంక వేసి ఏం లాభం? పాపం, ఆ పిల్లలతో వేగేవాళ్ళకి మళ్ళీ తిట్లెందుకు?"

అతను నవ్వి, అలాగే రాసుకున్నాడు. ఆ సాయంత్రం అంకెలక్క బస్సులో నిలబడే ఇంటికి వెళ్ళినా కాళ్ళు నొప్పి పుట్టలేదు. తన మాట ఒకటి యంత్రంలోకి ఎక్కిందని గుమ్మంలో భర్తకు చెప్పింది. ఆయన "మంచిదే" అని చెప్పులు వేసుకున్నాడు.

పోయిన శనివారం ఆఖరి ఫోను. సోమవారం నుంచి నర్సులే తమ సెల్‌ఫోన్లో అంకె నొక్కితే అది తిన్నగా కొత్త బోర్డుకు చేరిపోతుంది.

"ఇవాళెంత వదినా?"

"నా నోట్లో పళ్ళెన్నో అన్ని రాసుకో. మొన్న ఒకటి పీకించుకున్నా కదా, ముప్పై ఒకటి."

"ఇంక సోమవారం నుంచి నీకు నాతో పని లేదులే."

"లెక్కతో పని లేకపోతే మాటతో ఉండదా? మధ్యాహ్నం నువ్వు చెయ్యకపోతే నాకు అన్నం అరగదు. చెయ్యి."

"చేస్తాలే," అంది అంకెలక్క.

సోమవారం పొద్దున ఆఫీసరుగారు అందరినీ నిలబెట్టి, ఇకమీదట నర్సులను ఎవరూ ఫోన్లతో విసిగించవద్దని చెప్పారు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అయినా వరండాలోకి వెళ్ళి సొంత ఫోను నుంచి చేసుకోవచ్చు. మధ్యాహ్నం చేద్దామనే లేచింది కూడా. లేస్తూ బోర్డు వైపు చూసింది. కొత్త బోర్డులో అంకెలు పైకి కనపడవు, రంగులే. పటం చివర, ఇటుకబట్టీల దగ్గర, వదిన కేంద్రం నిగనిగలాడే ఆకుపచ్చలో ఉంది.

అప్పుడే అంకె పంపేసిందన్నమాట. అంత తీరిక ఉన్న మనిషికి నాకొక ఫోన్ చెయ్యడానికి తీరిక లేకపోయిందా? ఏరు దాటి తెప్ప తగలేసినట్టు. తనే చెయ్యనీ, చూద్దాం, అనుకుని మళ్ళీ కూర్చుంది. మంగళవారం ఆకుపచ్చ. బుధవారం ఆకుపచ్చ. చూసినప్పుడల్లా పంతం ఇంకాస్త బిగిసింది. బుధవారం రాత్రి మాత్రం అన్నం కలుపుకుంటూ, రేపు నేనే చేసేస్తే సరి, చిన్నతనమేముంది, అనుకుంది.

ఇవాళ గురువారం. కమ్మ తీసింది గానీ ఫోను ముట్టుకోలేదు. కీబోర్డు సందుల్లో దుమ్ము దులిపింది, సొరుగులో ఎండిపోయిన పెన్నులు ఏరి పారేసింది. భోజనాలయ్యాక పక్క శాఖవాళ్ళు కొత్త బోర్డు చూడటానికి వచ్చారు. ఆఫీసరుగారు పెళ్ళికొడుకు తండ్రిలా వాళ్ళను ముందుండి నడిపించారు.

"అక్కా, మీకిష్టమైన చోట వేలు పెట్టండి. అంకె ఎలా వస్తుందో చూస్తారు," అన్నాడు డిజైనరు.

ఆమె వేలు ఎక్కడికి పోతుంది? పటం చివరికే పోయింది. ఆకుపచ్చ విచ్చుకుని అంకె పైకొచ్చింది. ముప్పై ఒకటి.

వదిన పళ్ళు గుర్తొచ్చి నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. వచ్చినవాళ్ళు టీ తాగడానికి పక్కగదిలోకి వెళ్ళేదాకా ఓపికపట్టి, డిజైనరు స్టూలు దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, ఈ అంకె ఇవాళ్టిదేనా?"

అతను ఏవో రెండు మీటలు నొక్కి చూశాడు. "కాదక్కా. శనివారం తర్వాత అక్కణ్ణుంచి ఏమీ రాలేదు. రాకపోతే నిన్నటిది వేసుకుంటుంది. మీరు చెప్పిన పద్ధతే కదా."

ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆమెకు. నిన్నటి అంకె వేసిన ప్రతిసారీ మర్నాడు ఫోన్ చేసి, ఏమైంది, ఎందుకు రాలేదు, అని ఆరా తీయడం కూడా ఆ పద్ధతిలో సగమే. ఆ సగం అతనికి చెప్పాలని తట్టలేదు. ఊపిరి పీలుస్తామని ఎవరికైనా చెబుతామా?

అక్కడే నిలబడి వదిన కేంద్రం నంబరు నొక్కింది. చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు. కేంద్రంలో ఊడ్చి తుడిచే ఆయా.

"సూదమ్మ లేదండీ. మంగళవారం రాత్రి పోయింది. మీకు తెలీదా? ఆఫీసువాళ్ళకి తెలిసే ఉంటుందనుకున్నామండీ."

అంకెలక్క సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఒక స్టాపులో చంటిపిల్లనెత్తుకున్న తల్లి ఎక్కి పక్కన కూర్చుంది. ఆ పిల్ల అంకెలక్క వేలు పట్టుకుని ఆఖరి స్టాపుదాకా వదల్లేదు. ఆమె కళ్ళు తుడుచుకోవడానికి ఇంకో చెయ్యి వాడుకుంది.

కేంద్రం రెండే గదులు. ముందుగది గోడకు పిల్లల ఎత్తు కొలిచే గీతలు, వాటిమీద జిడ్డు చేతి ముద్రలు. ఆయా చీపురు పక్కన పెట్టి లోపలికి పిలిచింది. వెనకగదిలో ఇనప మంచం, మంచం మీద చుట్టిపెట్టిన పరుపు, కిటికీకి ఆరేసిన తెల్లకోటు. మంచానికీ గోడకీ మధ్య ఒక్క మనిషి నడిచేంత చోటు.

"ఆదివారం నుంచే జ్వరమండీ. సోమవారం నేనొచ్చేసరికి లేవలేకపోతోంది. పెద్దాసుపత్రికి పోదామంటే, ఉండవే, మధ్యాహ్నం వదిన ఫోన్ చేస్తుంది, దానికి చెప్తే ఆఫీసు బండి పంపిస్తుంది అంది. ఫోను దిండు పక్కనే పెట్టుకుంది. మీరే చెయ్యొచ్చు కదమ్మా అంటే, దానికి బోలెడు ఫోన్లు, పని మధ్యలో ఎందుకూ, అదే చేస్తుంది అంది. మంగళవారమూ అదే మాట." ఆయా ముక్కు చీదుకుంది. "బుధవారం తలుపు కొడితే తియ్యలేదు. అన్న కొడుకట, వచ్చి శవాన్ని తీసుకెళ్ళాడు. ఆ వదినెవరో గానీ ఫోన్ చేసిన పాపాన పోలేదండీ. మీరేమవుతారు?"

అంకెలక్క గోడ పట్టుకుంది.

"నేనే వదినని," అంది.

ఆయా ఆమె ముఖంలోకి చూసింది. కుండలో నీళ్ళు ముంచి తెచ్చిచ్చింది. ఆ నీళ్ళు తాగి, మంచం అంచున కూర్చుని, అంకెలక్క డిజైనరుకు ఫోన్ చేసింది.

"బాబూ, ఇటుకబట్టీల కేంద్రంలో ఆ ముప్పై ఒకటి తీసెయ్యి."

"తీసేస్తే ఖాళీ పడుతుందక్కా. ఇవాళే అందరూ మెచ్చుకున్నారు. ఆఫీసరుగారు ఊరుకోరేమో."

"ఖాళీగానే ఉంచు. ఎవరికీ నిన్నటిది వెయ్యకు ఇంక. ఖాళీ పడితే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. తిట్టడానికైనా చేస్తారు."

అటునుంచి మీటలు నొక్కిన చప్పుడు వినిపించింది. తర్వాత "సరేనక్కా," అన్నాడు.

బయట వెలుతురు పలచబడింది. ఆయా ముందుగది తాళం వేస్తూ, సూదమ్మ సొంత సామాను అన్న కొడుకు తీసుకెళ్ళాడనీ, మంచం కిందది ఆఫీసు సామానేమో అని వదిలేశాడనీ, దాన్నేం చెయ్యాలో తనకు తెలియడం లేదనీ చెప్పింది. అంకెలక్క వంగి చూసింది. మంచం కింద టీకా మందుసీసాలు మోసే నీలంరంగు పెట్టె ఉంది, లోపలి మంచు కరిగి చుట్టూ నేల ఇంకా తడిగా ఉంది, దాని పట్టీకి చుట్టి కుట్టిన పాత తువ్వాలుముక్క ఏళ్ళ తరబడి వదిన భుజం ఆనిన మేర అరిగి పలచబడి ఉంది.