పెట్టెలో దేవరాజన్ గొంతు

శివలింగం కంప్యూటర్లోంచి తీసిన ర్యామ్ బిళ్ళను ఎడమ అరచేతిలో పడుకోబెట్టి, దాని అంచున వరసగా మెరిసే బంగారు పళ్ళను బడిపిల్లల రబ్బరుతో తోముతున్నాడు. పైనుంచి కిందికి, మళ్ళీ పైనుంచి కిందికి. అడ్డంగా తోమకూడదు. అడ్డంగా పోతే మనిషికైనా యంత్రానికైనా పళ్ళు రాలతాయి. పనిచేసే నూలుమిల్లు మూతపడి, మిల్లీమీటరు కదలని బతుకైనప్పుడు ఆరునెలల కోర్సులో నేర్చుకున్న విద్య ఇది. ఇరవై రెండేళ్ళుగా ఇదే కూడు. అంతకుముందు తెగిన నూలుపోగులను తడిమి ముడేసినవీ ఈ వేళ్ళే.

తన ఊరు మురుంగపాక్కంలో అతను రబ్బర్లు కొనే అంగడివాడికి ఎప్పుడూ ఒకటే అనుమానం.

"మనవడు ఏం క్లాసు సామీ? అన్ని తప్పులు రాస్తాడా?"

"వాడింకా పుట్టలేదప్పా. తప్పు చెయ్యని మనవడు నాకొక్కడికే ఉండాడు."

అంగడివాడి నవ్వు వీధి చివరిదాకా వినిపిస్తుంది. శివలింగం నవ్వు మాత్రం మెట్లు దిగేలోపే అయిపోతుంది. ఇంట్లో అతనూ, భార్య అన్నమ్మాళూ, అంతే.

ఇవాళ పని విల్లియనూరులో, తాయారమ్మ ఇంట్లో. ఆమె భర్త దేవరాజన్ పోయి రేపటికి ఏడాది. తన తల్లి పాడిన తెలుగు పాటలు నలభైదాకా ఈ కంప్యూటర్లో పాడిపెట్టి పోయాడాయన. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, చదివింది తమిళ బళ్ళలో కాబట్టి, తెలుగు చదవడం, రాయడం ఒక్కరికీ రాదు. అందుకే కాగితం మీద పెట్టలేనివి గొంతులో పెట్టాడు. రేపు తెవసానికి, అంటే ఏడాది తద్దినానికి, వచ్చే చుట్టాలకు అవి వినిపించాలని తాయారు ఆశ. తీరా పాట పెడితే పెట్టె ఆరిపోతుంది. ఒకసారి మూడో నిమిషంలో, ఒకసారి పల్లవిలోనే. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిద్దామంటే సగంలో నీలి తెర వచ్చి అన్నీ ఆగిపోతాయి.

"ఆయనకే ఇష్టం లేదేమో తమ్ముడూ," అంది తాయారు గడప మీద కూర్చుని. "పక్కింటామె అంటా ఉండాది, బతికుండంగా నోరెత్తనీకుండా చేస్తివి, ఇప్పుడు పాడమంటే పాడతాడా అని."

"పోయినోళ్ళకి అలక ఉండదక్కా. అలకంతా ఉన్నోళ్ళదే. పాటలుండే డిస్కు పీకి నా అంగడికి ఎత్తుకుపోతే అరగంట పని."

"వొద్దు. ఆయన్ని ఒకసారి ఈ గడప దాటించినాం. చాలు."

శివలింగం తలూపాడు. పొద్దుటినుంచీ ఎడమ భుజం లాగుతోంది. గ్యాసు. ఏజెన్సీవాడి దగ్గరకన్నా తన పొట్టలోనే సిలిండర్లు ఎక్కువని అన్నమ్మాళ్‌కి చెప్పి, సోడా తాగి బండెక్కి వచ్చాడు.

రెండు బిళ్ళలు, అవి కూర్చునే గాడులు రెండు. ఒక బిళ్ళను మొదటి గాడిలో పెట్టి చూశాడు. నాలుగు నిమిషాలకు ఆరిపోయింది. రెండోదాన్ని అదే గాడిలో పెట్టాడు. అదీ ఆరిపోయింది. ఆరిపోయే ముందు ప్రతిసారీ ఫ్యాను ఒక్క క్షణం గట్టిగా ఊపిరి పీల్చినట్టయింది. తాయారు గోడమీది దేవరాజన్ పటం వైపు చూసి చెంపలు వేసుకుంది. బిళ్ళను రెండో గాడికి మార్చాడు. పావుగంటైనా నిలబడింది.

తప్పు బిళ్ళది కాదు. ఫోను లైటు వేసి మొదటి గాడిలోకి చూశాడు. అడుగున తెల్లగా ఏదో గడ్డకట్టి ఉంది. సూదితో గీకి, వేలికి రాసుకుని వాసన చూశాడు.

విబూది.

పెట్టె పైన, గాలి పోయే జాలీ మీద మూడు అడ్డగీతలు.

"అక్కా, దీనికి విబూది పెట్తావా?"

"ప్రతి శుక్రవారం. పటంలో మొగమే కదా ఉండేది. గొంతుండేది దీంట్లో. దీనికి పెట్టకుంటే ఎట్లా?"

శివలింగమని పేరు పెట్టుకున్నవాడికి విబూది మీద జోకులకు కొరతా? నాలుక చివర మూడు వచ్చి నిలబడ్డాయి. మూడింటినీ మింగేశాడు.

"ఆయనకేం కోపం లేదక్కా. ఆ బూడిదే గొంతుకి అడ్డం పడింది."

తాయారు గడప మీంచి లేచి వచ్చి గాడిలోకి తొంగిచూసింది. "అయితే మళ్ళా నేనే నోరు మూసినానా?"

"మూసిందీ నువ్వే, తెరిపించేదీ నువ్వే. నన్ను పిలిచింది ఎవురు మరి?"

పళ్ళు తోముకునే బ్రష్షుతో గాడిని, పైన జాలీని దులిపాడు, ఊదాడు, మళ్ళీ దులిపాడు. రెండు బిళ్ళలూ టక్కుమని కూర్చున్నాయి. రబ్బరును పెట్టె మీద పెట్టి పెన్‌డ్రైవ్ గుచ్చాడు. ఒకటి, అయిదు, ఇరవై. నలభై పాటలూ ఎక్కాయి. నీలి తెర రాలేదు. అప్పుడు ఒక పాట పెట్టాడు.

గరుకు గొంతు. "ఊగవే ఉయ్యాలా, ఊరెళ్ళిన నాయన నూకలు తెస్తాడే..." నడుమ ఎక్కడినుంచో తాయారు గొంతే అరిచింది. "ఎవురికి పాడతా ఉండావు? ఆపు! కూడు చల్లారిపోతా ఉండాది!" పెట్టెలో దేవరాజన్ నవ్వాడు. "ఉండే, ఇంకొక్కటి."

తాయారు కొంగు నోట్లో కుక్కుకుంది.

"అక్కా," అన్నాడు శివలింగం గోడకు చేరగిలబడి, "కొంచెం నీళ్ళు."

ఆమె చెంబుతో వచ్చేసరికి అతని గడ్డం ఛాతీమీద ఆనుకుని ఉంది. కళ్ళు సగం తెరిచి తెర వైపే ఉన్నాయి.

"తమ్ముడూ," అంది. చెంబు కింద పెట్టి భుజం పట్టుకుని కదిపింది. "తమ్ముడూ!"

పాట అయిపోయి మరోటి మొదలైంది. ఏడాదిగా ఏ పాటా చివరిదాకా పోనివ్వని పెట్టె, ఇరుగుపొరుగు పరుగెత్తి వచ్చి ఎవరో ఆపేదాకా పాడుతూనే ఉంది.

తెవసానికి పాటలు పెట్టలేదు. శివలింగం పాడె లేచాక అన్నమ్మాళ్ తమ్ముడు వచ్చి బండినీ, పనిసంచీనీ తీసుకుపోయాడు.

తర్వాతి శుక్రవారం విబూది పళ్ళెంతో వచ్చిన తాయారు, పెట్టె ముందు చెయ్యెత్తి ఆగిపోయింది. జాలీ శుభ్రంగా ఉంది. పక్కనే ఒక మూల నల్లగా అరిగి, నడుమ శివలింగం బొటనవేలి గుంట పడిన రబ్బరు ముక్క. కాసేపటికి ఆ గుంటలో చిటికెడు విబూది.