ఖాళీ ఇనప్పెట్టె కోసం

నేను ఒక ఇనప్పెట్టెను. అమెరికా నడిమధ్య, మొక్కజొన్న చేల నడుమనున్న పెల్హామ్ కౌంటీ మ్యూజియంలో నా కాపురం. కౌంటీ అంటే మీ జిల్లా లాంటిదే. ఇక్కడికి వచ్చినవాళ్లు పైకప్పున్న చెక్క వంతెన చూస్తారు, తిరునాళ్లలో కాల్చిన పొత్తులు తింటారు, ఆఖరికి నా ఒంటిమీది తూటా గుంటల్లో వేళ్లు పెట్టి నవ్వుతూ ఫోటో దిగుతారు. నాకు ఒళ్లు మండిపోతుంది.

నూటయాభై ఏళ్ల కిందట ఓహయో నది ఒడ్డున పుట్టి, పడవెక్కి, ఎడ్లబండెక్కి థార్న్‌బరీ ఊరి కచేరీకి చేరాను. పొలాల దస్తావేజు పుస్తకాలు నా కడుపులో దాచేవారు. అవి ఏ ఊళ్లో ఉంటే అదే జిల్లా కేంద్రం. పక్కనున్న కోలియర్ ఊరికి అదే కడుపుమంట. జిల్లా కేంద్రం కోసం ఊళ్లు కొట్టుకోవడం మీకు మాత్రం కొత్తా?

గుమస్తా ఏమోస్ పెన్‌రోజ్ ఉత్త మొహమాటస్తుడు. ఒకనాడు పుస్తకాలు బయట ఉండగానే నా తాళం బిగుసుకుపోయింది. పెద్దలు చీవాట్లు పెడతారని ఎవరికీ చెప్పలేదు. పుస్తకాలను చెక్క బీరువాలో సర్ది, ఏడాదిపాటు గుట్టుగా నెట్టుకొచ్చాడు. కొడుకు కేలబ్‌కి కూడా తెలియనివ్వలేదు.

ఒక ఆదివారం పొద్దున ఊరంతా చర్చిలో ఉండగా కోలియర్ వాళ్లు నలభై మంది తుపాకులతో దిగారు. ఇనప్పెట్టె ఎదురుగా ఉంటే చెక్క బీరువా వంక చూసేదెవరు? గొలుసులు కట్టి నన్ను మెట్లమీద దొర్లించారు. నా కింద పడి ఒకడి కాలు నుజ్జయింది. ఆ అరుపుకు చర్చి ఖాళీ అయింది. వాళ్లు నన్ను తమ ఎడ్లబండి మీదికి ఎక్కించేసరికి తుపాకులు పేలాయి. బండికి కట్టిన ఎడ్లు కూలాయి, బండివాడి దవడ ఎగిరిపోయింది. గోడ చాటున నక్కిన ఏమోస్ మాత్రం ఉత్త పెట్టెను మోసుకుపోతున్నారని లోలోపల నవ్వుకున్నాడు.

అంతలో కేలబ్ బండెక్కి నన్ను వాటేసుకున్నాడు. తుపాకీ మడమతో వేళ్లు చితక్కొట్టినా వదల్లేదు.

"వదిలెయ్‌రా, అందులో ఏమీ లేదు" అని తండ్రి గొంతు చించుకున్నాడు.

అదేదో శత్రువును బోల్తా కొట్టించే ఎత్తని అందరూ అనుకున్నారు. కేలబ్ కూడా అలాగే అనుకుని నన్ను మరింత గట్టిగా పట్టుకున్నాడు. తూటా వాడి పక్కటెముకలు చీల్చుకుని నాకు తగిలింది. వాడి వేడి నెత్తురు నా తలుపు సందుల్లోకి కారింది. పంతొమ్మిదేళ్లు వాడికి.

ఎడ్లు చచ్చాక నన్ను లాగలేక కోలియర్ వాళ్లు పారిపోయారు. ఏమోస్ పరుగున వచ్చి కొడుకు తల ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాన్నా, పుస్తకాలు భద్రమేనా?"

ఏమోస్ నా వంక చూశాడు.

"భద్రమే నాయనా" అన్నాడు.

అది అబద్ధం కూడా కాదు. పుస్తకాలు బీరువాలో ఒక్క పేజీ నలగకుండా ఉన్నాయి. కేలబ్ తృప్తిగా కళ్లు మూశాడు.