గ్లాసులో గంగవాయిలి

నేను ఒక కలుపుమొక్కను. పేరు గంగవాయిలి. ఎర్రటి కాడలు, దళసరి ఆకులు, వేలిగోరంత పసుపు పూలు. సిద్దిపేట పక్కన సాయవ్వ మిరపచేనులో ఎవరూ పిలవకుండానే పుట్టాను. కూలీలు పీకి గట్టున పారేస్తే పడ్డచోటే వేళ్లు దింపాను. సిగ్గులేని పుట్టుక అన్నారు. ఒప్పుకుంటాను.

సాయవ్వ మాత్రం నన్ను ఒడిలో వేసుకునేది. కందిపప్పులో ఇంత చింతపండు పులుసు పోసి ఉడికించి, వెల్లుల్లి పోపు పెట్టేది. నాలో ఇనుముందని, కాల్షియముందని, మంచి కొవ్వు కూడా ఉందని ఆమెకెవరూ చెప్పలేదు. రుచిగా ఉందని తినేది. పాపం, అంత అజ్ఞానం! మిగిలిన నన్ను కట్టలు కట్టి రైతుబజారుకు తెచ్చేది.

అక్కడ దొరికారు దామోదర్ సారు. రిటైరైన సైన్సు మాస్టారు. ముప్పై ఏళ్లు పిల్లలకు "రుజువు లేనిదే దేన్నీ నమ్మొద్దు" అని చెప్పిన మనిషి, ఫోన్లో ఎనిమిది నిమిషాల వీడియో చూసి నన్ను నమ్మేశారు. గుండెకు, కళ్లకు, కీళ్లకు, రక్తానికి నేనే మందునట. ఆ సంగతి నాకే తెలియదు.

రోజుకు ఆరు కట్టలు. మిక్సీలో తిప్పి, ఉప్పయినా వేయకుండా, పొద్దున్నే పెద్ద గ్లాసుడు. తాగేటప్పుడు ఆ ముఖం చూడాలి! నాలుగో రోజు బీపీ గోలీలు బీరువాలో పడేశారు.

"ఒక్కమాట డాక్టర్‌ను అడగరాదుండ్రి," అంది భార్య సుగుణ.

"డాక్టర్లకు ఆకుల విలువేం తెలుసు!"

సాయవ్వకూ అనుమానమొచ్చింది. "సారూ, గిన్ని కట్టలు రసం దీస్తున్నరట గదా? కూర లెక్క తినాలె గని మందు లెక్క తాగుతరా?"

"నీకు తెల్వదవ్వా, నువ్వు అమ్మేది అమృతం!" అమృతమంటూనే కొసరుకు ఇంకో కట్ట లాక్కున్నారు.

మూడో వారంలో ఓ ఉదయం తల తిరిగి నా కుప్ప మీదే బోర్లా పడ్డారు. సాయవ్వ బేరం వదిలేసి, ఆకుల మీద చల్లే నీళ్లు ఆయన ముఖం మీద చల్లి, ఆటోలో ఎక్కించుకుని ఆస్పత్రికి పరుగెత్తింది. కడుపులో ఉన్నాను కనుక నేనూ వెళ్లాను.

"గోలీలు ఎప్పుడు మానేశారు?" బీపీ చూసి డాక్టరమ్మ ఉలిక్కిపడింది.

సారు గోలీల మాట దాటేసి, పొద్దున్నే తాగే ఆకురసం సంగతి చెప్పారు.

"ఆకుకూర మంచిదే. వండుకుని తినండి. గోలీకి బదులు మాత్రం కాదు. కిడ్నీలో రాళ్లున్నవాళ్లయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే పక్షవాతం వచ్చినా వచ్చేది."

కోలుకోగానే సారు చేసిన ఘనకార్యం, కాలనీ గ్రూపులో ఓ మెసేజ్: 'గంగవాయిలి విషం. ఎవరూ కొనకండి.' నెల తిరక్కముందే అమృతం నుంచి విషానికి, నాకెంత పదోన్నతి! వారం పాటు సాయవ్వ కట్టలు వాడిపోయి ఇంటిదారి పట్టాయి.

సంగతి తెలిసి సుగుణకు ఒళ్లు మండింది. ఆయన్ను వెంటబెట్టుకుని బజారుకొచ్చింది. సాయవ్వ తిట్టలేదు.

"పానం మంచిగున్నదా సారూ?" అంది ముందు. తర్వాత నెమ్మదిగా, "గోలీలు మానుమని నా కూర జెప్పిందా?" అంది.

సారు అక్కడే నిలబడి ఫోన్ తీసి, 'తప్పు కూరది కాదు, నాది' అని కొట్టి గ్రూపుకు పంపారు.

ఆ మధ్యాహ్నం సుగుణ నన్ను పప్పులో వేసింది. సారు ముద్ద కలిపి, నమిలి, "బాగుంది, ఇంకొంచెం వెయ్యి," అన్నారు.

నా గురించి ఆయన రుచి చూసి చెప్పిన మొదటి మాట అదే.