కోసేసిన చరణం

భోజనాల షెడ్డులో ఎవరి ఫోనులోంచో పాట మొదలైంది. వదిన చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. అది ఆమె కట్టిన పాట. ఆమె గొంతే.

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఆ పెద్ద లాండ్రీలో అందరికీ ఆమె వదినే. ఆమె మరిది అక్కడ బాయిలరు దగ్గర పనిచేసేవాడు. అతను "వదినా" అని కేకేస్తుంటే విని విని అందరికీ అదే అలవాటైంది. ఆ మరిది మొన్న వేసవిలో బాయిలరు పేలి చనిపోయాడు. ఒత్తిడి పెరిగితే వాల్వు తెరుచుకుని ఆవిరి బయటికి పోవాలి. అలా పోయినప్పుడల్లా పని ఆగుతోందని మేనేజరు ఆ వాల్వును తీగతో కట్టెయ్యమన్నాడు. మరిది కట్టనన్నాడు. ఇంకొకడి చేత కట్టించారు. పేలాక యజమాని "పనివాడి నిర్లక్ష్యం" అని చేతులు దులుపుకున్నాడు. ఆ కడుపుమంటే పాటైంది. పాటల యాప్ కంపెనీవాళ్లు వెతుక్కుంటూ వచ్చి, "లోకమంతా వింటుందమ్మా" అని రికార్డు చేసుకుపోయారు.

రెండు చరణాలయ్యాయి. పాట ఆగింది. వెనకే ఒక ఆడగొంతు తియ్యగా సబ్బు ప్రకటన అందుకుంది.

"మూడో చరణం ఏదీ?" అంది వదిన.

ఆ చరణం రానివాళ్లు అక్కడ లేరు:

*తనంత తానే పేలలేదు బాయిలరు,*
*తీగేసి దాని నోరు కట్టినారు!*
*కట్టమని చెప్పినోడు చల్లగున్నాడు,*
*కట్టనని అన్నోడు కాలిపోయాడు!*

మరిది కూతుర్ని వెంటబెట్టుకుని వదిన యాప్ ఆఫీసుకి వెళ్లింది. ఆ పిల్ల కాలేజీలో కంప్యూటర్ల చదువు చదువుతోంది. అద్దాల గదిలో ఆఫీసరు కుర్చీ చూపించాడు, నీళ్లిప్పించాడు.

"పాట పొడుగైపోయిందమ్మా. పైగా మీ యజమానిగారు మాకు ప్రకటనలిస్తారు. ఎందుకొచ్చిన గొడవ చెప్పండి? రెండు చరణాలైనా వింటున్నారుగా!"

"మనిషిని చంపిందెవరో చెప్పే ముక్కే కోసేశాక అది పాటెందుకవుతుంది బాబూ? జోల అవుతుంది. తీసెయ్యండి."

"రికార్డు మాదమ్మా. మీరు సంతకం పెట్టారు."

"అయితే ఆ రికార్డు మీరే ఉంచుకోండి," అని వదిన లేచింది. "పాట నాది. మళ్లీ పాడుకుంటాను."

సెలవునాడు దుప్పట్లు ఆరేసే పెరట్లో అందరూ కూడారు. మరిది కూతురే ముందు మాట్లాడింది.

"మనకే సొంతంగా నెట్లో ఒక పేజీ పెడదాం. ఏ యాప్‌నీ దేహీ అనక్కర్లేదు. కావలసినవాళ్లు దించుకుని ఫోనులో దాచుకుంటారు."

వ్యాన్ డ్రైవరు పెదవి విరిచాడు. "యాప్‌లో లేనిదాన్ని ఎవడు వింటాడమ్మా? అడవిలో కాచిన వెన్నెలే!"

"ఊరికే ఇస్తే విలువుంటుందా?" అన్నాడు సబ్బునీళ్లు కలిపే ముసలాయన.

"గాలికి విలువ లేదా బాబాయ్?" అంది వదిన. "నా మరిది చావుని నేను అమ్ముకోను. ఎవరైనా దించుకోవచ్చు, పాడుకోవచ్చు, పంచుకోవచ్చు. కొయ్యడానికి మాత్రం వీల్లేదు." డ్రైవరు వైపు తిరిగింది. "ఏమయ్యా, రోజూ ఊళ్లో ఆసుపత్రులన్నీ తిరిగేది నువ్వే కదా?"

"తిరుగుతాను. అయితే?"

"ఆ వ్యాన్లో దుప్పట్లు ఒక్కటే ఎందుకెళ్లాలి?"

డ్రైవరు బుర్ర గోక్కున్నాడు. తర్వాత పకపకా నవ్వేశాడు.

అక్కడే, ఆ తడిబట్టల మధ్యే పాడారు. ఖాళీ సబ్బు డ్రమ్ములే తాళం. మరిది కూతురు ఫోను పట్టుకుంది. మూడో చరణం దగ్గర ఆ పిల్ల కూడా గొంతు కలిపింది, ఫోను మాత్రం దించలేదు.

మర్నాటి నుంచి ఉతికిన ప్రతి మూట మీదా పేజీ చిరునామా చీటీ ఎక్కింది. ఆసుపత్రుల్లో ఆయాలు దించుకున్నారు. వాళ్ల నుంచి బస్సు కండక్టర్లకి, కండక్టర్ల నుంచి కాలేజీలకి పాకింది. నెట్టు ఖర్చు భరించలేనివాళ్లు పక్కవాడి ఫోనులోంచి ఎక్కించుకున్నారు. కొత్త బాయిలరుకీ తీగ కట్టించాలని మేనేజరు ఎవర్ని పిలిచినా, ఈసారి కట్టేవాడు దొరకలేదు.

అప్పుడు తెలిసింది యజమానికి, పాట ఎక్కడ తగులుతోందో!

ఆ పాట తమ ఆస్తని, దాన్ని దొంగిలించారని యాప్ కంపెనీ చేత ఫిర్యాదు చేయించాడు. పోలీసులు వచ్చి ఇస్త్రీ బల్ల దగ్గరున్న వదినను జీపెక్కించారు. జీపు గేటు దాటకముందే లాండ్రీలో మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు బల్ల గుద్దాడు. "పేజీ మూయించేశాం. నీ జనం ఫోన్లలో ఉన్నది కూడా తీసేయమని చెప్పు. ఇంటికి పంపిస్తాను."

"నేనెవర్ని సార్ తీసేయమనడానికి? వాళ్లకి ఇచ్చేశాను. ఇచ్చినదాన్ని వెనక్కి అడిగే అలవాటు మా ఇంటావంటా లేదు."

"నోటికి తాళం వేసుకో!"

"మొదట్లో బాయిలరుకీ అదే చెప్పారు సార్."

ఇన్‌స్పెక్టరు ఏదో అనబోయాడు. బయట గొడవ వినిపించి, వదిన కూర్చున్న బెంచీ పక్కనే ఉన్న కిటికీ దగ్గరికి వెళ్లాడు. వదిన కూడా తల తిప్పి చూసింది. తడి చేతులు తుడుచుకుంటూ లాండ్రీవాళ్లంతా రోడ్డు మీద కూర్చుని ఉన్నారు. మరిది కూతురి పక్కన కాలేజీ పిల్లలు. వాళ్ల వెనక ఆసుపత్రి ఆయాలు, వార్డు బాయ్‌లు బారులు తీరి వస్తున్నారు. వాళ్లలో ఒక్కరి మొహమూ వదిన ఎరగదు. వాళ్లు పాడుతున్న పాట మాత్రం ఆమెదే. మూడో చరణం అయింది. ఆగుతారనుకుంది. ఆయాలు ఆగలేదు.

*మీ బాయిలరొక్కటే కాదమ్మా వదినా,*
*మా లిఫ్టు తాడు కూడా చివికింది చూడు!*
*ఎక్కమని చెప్పినోడు మెట్లెక్కుతాడు,*
*ఎక్కబోమని మేమంతా కూచున్నాం చూడు!*

"ఇది కూడా నువ్వే రాశావా?" అని అరిచాడు ఇన్‌స్పెక్టరు.

"లేదు సార్," అంది వదిన, కిటికీ ఊచలు పట్టుకుని లేస్తూ. "నేనూ ఇప్పుడే వింటున్నాను."

ఆయాలు ఆ చరణాన్ని మళ్లీ అందుకున్నారు. వదిన మొదటిసారి తడబడింది. రెండోసారికి పట్టుకుంది. మూడోసారి ఆమె గొంతు కిటికీ దాటి రోడ్డు మీద పడింది.