తీయకూడని ట్యాగు

త్రినాథరావుకి అనుమానం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పాలవాడు నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే. భిలాయి స్టీల్ ప్లాంటులో, రైలు పట్టాల మిల్లులో ముప్పై నాలుగేళ్లు ఎలక్ట్రీషియనుగా చేసినవాడు. కరెంటు లేదని పదిమంది చెప్పినా టెస్టరు పెట్టి చూస్తే తప్ప తీగ ముట్టుకునేవాడు కాదు. ఆ గుణం వల్లే రెండు చేతులూ మిగుల్చుకుని రిటైరయ్యాడు. ఇంట్లో ఆ గుణంతో వేగడం ఎంత కష్టమో మాత్రం భార్య తులసమ్మకే తెలుసు.

ఈసారి ఆయన అనుమానానికి కారణం ఉంది. తులసమ్మ సంతోషంగా ఉంది.

ఆమెకి కిడ్నీలు పాడై మూడేళ్లయింది. మంగళవారం, శుక్రవారం డయాలసిస్. మంచినీళ్లు కూడా కొలుచుకుని తాగాలి. చలికాలంలో ఒక శుక్రవారం ఆసుపత్రి నుంచి వచ్చి, గోడవైపు తిరిగి పడుకుని, "ఇంక నాకీ సూదులొద్దండి. వొదిలీండి" అంది. త్రినాథరావు జన్మలో ఎవర్నీ బతిమాలినవాడు కాదు. ఆ రాత్రి బతిమాలాడు. మంగళవారం ఆమె ఆసుపత్రికి ఆటో ఎక్కింది.

అలాంటి మనిషి నెల రోజులుగా ప్రతి ఆదివారం తలలో కనకాంబరాలు పెట్టుకుని, పక్క క్వార్టరు అమ్మాయి ఛాయ స్కూటీ వెనక కూర్చుని షికార్లు తిరుగుతోంది. తిరిగొచ్చాక కూనిరాగాలు తీస్తోంది. ఎక్కడికెళ్లావంటే "ఊరికే అలా" అంటుంది. వద్దు, చాలు అన్న మనిషి ఉన్నట్టుండి నవ్వుతోందంటే లోపల ఏదో నిశ్చయించుకుందన్నమాటే. చావడానికే సిద్ధపడిందేమోనని త్రినాథరావు ఇల్లు వెతకడం మొదలుపెట్టాడు.

ఆమె స్నానానికి వెళ్లినప్పుడు మాత్రల స్ట్రిప్పులు చూశాడు. లెక్క సరిపోయింది. హ్యాండుబ్యాగు వాసన చూశాడు, ఏ బాబా విభూతో ఉంటుందని. మరమరాల వాసన వచ్చింది. చివరికి తన ఇనప్పెట్టె తెరిస్తే, మిల్లు నుంచి తెచ్చి దాచుకున్న ఎర్ర ట్యాగుల కట్ట పలచబడి ఉంది.

ఆ ట్యాగులంటే ఆయనకి దేవుడి పటంతో సమానం. మిల్లులో మెషీను లోపలికి దిగేవాడు ముందు స్విచ్ ఆపి, తన పేరు రాసిన ఎర్ర అట్టని దానికి కట్టాలి. 'మనిషి పనిలో ఉన్నాడు' అని దాని మీద హిందీలో అచ్చువేసి, కింద పేరుకీ, పని ముగిసే తేదీకీ చోటు వదిలి ఉంటుంది. అది ఉన్నంతసేపూ స్విచ్ వెయ్యకూడదు, వేస్తే లోపలున్నవాడు పోతాడు. కట్టినవాడే బయటికొచ్చి విప్పాలి. ఇంకొకడు ముట్టుకోకూడదు, ఎంత పెద్ద ఆఫీసరైనా సరే. ఈ రూలు ఆయన అన్నం దగ్గర చెప్పీ చెప్పీ తులసమ్మకి కంఠతా వచ్చేసింది.

ఛాయని పట్టుకుని అడిగాడు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, సగం హిందీలోనే మాట్లాడుతుంది.

"మొన్న మైత్రీబాగ్ జూకి పోయాం అంకుల్. ఆంటీ తెల్లపులి ముందు గంటసేపు కూర్చున్నారు."

"పులితో గంటసేపు ఏటి పని?"

"వో తో ఆంటీనే అడగండి."

ఆంటీని అడగలేదు. బుధవారం ఒక్కడే టిక్కెట్టు కొనుక్కుని లోపలికెళ్లాడు. పులి నిద్రపోతోంది. ఎదురుగా ఉన్న బెంచీ పక్క ఇనప కంచెకి ఎర్ర ట్యాగు వేలాడుతోంది. పేరు దగ్గర వంకర అక్షరాలతో 'తులసమ్మ' అని ఉంది. తేదీ దగ్గర ఖాళీ.

ఇష్టమైన చోట్లన్నీ ఆఖరిసారి చూసుకుంటోంది, పేరు వదిలి పోతోంది అనుకున్నాడు. ఆ ట్యాగుని కళ్లతో చూడలేక ముడి విప్పి జేబులో పెట్టుకున్నాడు. ముప్పై నాలుగేళ్లలో ఇంకొకరి ట్యాగు విప్పడం అదే మొదలు. ఆ సంగతి అప్పుడాయనకి తట్టలేదు.

ఆదివారం ఆయన పాత స్కూటరు ఛాయ స్కూటీ వెనకాలే బయల్దేరింది. వాళ్లు భిలాయి-3 రైల్వే స్టేషను దగ్గర ఆగారు. పెళ్లయిన కొత్తలో శ్రీకాకుళం నుంచి వచ్చిన తులసమ్మ దిగింది ఇక్కడే. ఛాయ ఫోను పట్టుకుని స్కూటీ దగ్గరే ఉండిపోయింది. త్రినాథరావు ప్లాట్‌ఫారం మీద స్తంభం చాటున నిలబడ్డాడు.

తులసమ్మ బెంచీ మీద కూర్చుని మరమరాలు తింటోంది. గూడ్సు వెళ్తుంటే ఆఖరి పెట్టెలోని గార్డుకి చెయ్యి ఊపింది. అతను పచ్చజెండా ఊపాడు. ఆమె చిన్నపిల్లలా పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నేళ్లయిందో ఆయనకి గుర్తులేదు. చాటుగా చూస్తున్నందుకు సిగ్గేసింది. అంతలో ఆమె సంచీలోంచి ట్యాగు తీసి రెయిలింగుకి కట్టబోయింది. ఇక ఆగలేకపోయాడు.

"ఏటే ఇది? ఊరంతా నీ పేరు కట్టుకుంటూ పోతే, నువ్వెల్లిపోయాక నేను తిరిగి తిరిగి చూసుకోవాలా?"

తులసమ్మ ఉలిక్కిపడలేదు. "స్తంభం ఎనకాల మీ సెప్పులు ఎప్పుడో కనపడ్డాయి. కూకోండి."

కూర్చున్నాడు.

"ఎల్లిపోడానికి కాదండీ, మళ్లీ రాడానికి కడతన్నాను. కట్టినోళ్లే వొచ్చి విప్పాలని మీరే కదా సెప్పారు. నయం సెయ్యమని దేవుణ్ణి అడిగి అడిగి ఇసుగొచ్చింది. ఇప్పుడు అడగడం నేదు. ఇక్కడొక పని ఉన్నాది, మళ్లీ వొస్తాను అని సెప్పి పోతన్నాను. ట్యాగున్నంతసేపూ పైవాడు స్విచ్ ముట్టుకోడని నా నమ్మకం. తేదీ ఏటని రాస్తాను? నాకు తెల్దు కదా. మంగళవారం సూది గుచ్చినప్పుడల్లా పులి దగ్గిర నా ట్యాగున్నాదని తలుసుకుంటాను."

త్రినాథరావు జేబులో చెయ్యి పెట్టాడు. అబద్ధం చెప్పొచ్చు. కానీ ట్యాగు విషయంలో ఆయన ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

తులసమ్మ ఆ అట్టముక్కని తిప్పి తన పేరు చూసుకుంది.

"విప్పీసారా? నేనింకా లోపలే ఉన్నాను కదండీ."

ఆయనకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. మిల్లులో ఇలాంటి తప్పు చేసినవాడి చెంప తనే పగలగొట్టేవాడు. కండువాతో ముఖం తుడుచుకుని చెయ్యి చాపాడు.

"ఇంకోటుంటే ఇయ్యి. పెన్ను కూడా."

ట్యాగు మీద 'త్రినాథరావు' అని రాశాడు. తేదీ ఖాళీగా వదిలేశాడు. తులసమ్మ తన ట్యాగు కట్టాక, దాని పక్కనే ఇది కట్టాడు.

"ఇద్దరు దిగితే రెండు ట్యాగులు. ఇద్దరూ బయటికొచ్చి విప్పాలి. ఒకళ్లు వొస్తే సరిపోదు."

"పులి దగ్గిరో?"

"మంగళవారం సూదులు కానియ్యి. బుధవారం ఎల్దాం. అక్కడా రెండు కడదాం."

తులసమ్మ తలూపింది. తర్వాత లేచి, ఆయన వేసిన ముడిని రెండుసార్లు గట్టిగా లాగి చూసింది. ఈ ఒక్క విషయంలో ఆమెకీ అనుమానమే.